చక్రాల మీద కాపురం - తెర వెనుక సంసారం!

అమెరికాలో 'ఇళ్ళ బళ్ళ'కు ఏటా తిరనాళ్ళు జరుగుతాయి. ఏడాది పొడుగునా రోడ్డు మీదే కాపురం చేసేవాళ్ళు ఆ తిరనాళ్ళకు వెళ్ళి ఏం చూస్తారు? తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళల్లో డేరా వేసి, తెర వెనకాలే వండుకు తిని, తెర ముందు మహారాణులై నిలబడిన మన సురభి తల్లుల్ని అక్కడికి పంపితే వాళ్ళేం అడుగుతారు? సరదాగా మొదలుపెట్టి చూద్దాం రండి!

'నోమాడ్ లాండ్' సినిమా చూసినవాళ్ళకు ఒక సీను గుర్తుండే వుంటుంది. కథానాయిక ఫెర్న్ ఉన్న ఊరు పోగొట్టుకున్న మనిషి. నెవాడా రాష్ట్రంలో ఎంపైర్ అనే ఊరు జిప్సం ఫ్యాక్టరీ మీద ఆధారపడి బతికేది. 2011లో ఫ్యాక్టరీ మూతపడింది, ఊరు ఖాళీ అయిపోయింది. ఫెర్న్ ఒక పాత వ్యానులో మంచం, పొయ్యి సర్దుకుని రోడ్డెక్కింది. ఎక్కడ పని దొరికితే అక్కడ మకాం. అలాంటి మనిషి తనలాంటి స్నేహితురాళ్ళతో కలిసి ఒకరోజు ఖరీదైన మోటారు ఇళ్ళ ప్రదర్శనకు వెళుతుంది. మిలమిలలాడే పెద్ద బండి ఎక్కుతారు. లోపలి హంగులన్నీ చూసి మురిసిపోతారు. ఫెర్న్ స్టీరింగు ముందు కూర్చుని ఊహల్లో ఎటో వెళ్ళి వస్తుంది. తర్వాత దిగి, ఎవరి పాత వ్యాను దగ్గరకు వాళ్ళు వెళ్ళిపోతారు. అంతే సీను!

క్లోయీ ఝావ్ దర్శకత్వంలో 2020లో వచ్చిన ఈ చిత్రానికి 2021లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకురాలు, ఉత్తమ నటి ఆస్కార్లు వచ్చాయి. ఫెర్న్‌గా వేసిన ఫ్రాన్సెస్ మెక్‌డోర్మాండ్ వృత్తి నటి. కానీ ఆమె పక్కన కనిపించే లిండా మే, స్వాంకీ నటీమణులు కారు. నిజంగానే బళ్ళలో బతికే మనుషులు. తమ పేర్లతోనే, తమ పాత్రలే తాము వేశారు. అంటే ఆ ప్రదర్శనలో మురిసిపోయిన కళ్ళు కొన్ని నటించినవి కావన్నమాట!

తిరనాళ్ళంటే తిరనాళ్ళే!

మనకు కోటప్పకొండ ఎంతో, అక్కడి బళ్ళవాళ్ళకు ఈ ప్రదర్శనలు అంత! ఫ్లోరిడాలో టాంపా ఊళ్ళో ప్రతి జనవరిలో 'సూపర్ షో' జరుగుతుంది. పెన్సిల్వేనియాలోని హెర్షీలో సెప్టెంబరులో జరిగే ప్రదర్శన 'అమెరికాలోకెల్లా పెద్దది' అని పేరే పెట్టుకుంది. వీటన్నిటి తాత జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ 'కారవాన్ సలోన్'. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్దదని దానికి పేరు. ఒక్కో ఏడాది రెండు లక్షలు దాటి జనం వస్తారంటే అదేం జాతరో ఊహించుకోండి.

అక్కడ బళ్ళలో కులాలున్నాయి సుమా! బస్సంత పొడుగున్నది 'ఎ' క్లాసు. మామూలు వ్యానును ఇల్లుగా మార్చింది 'బి' క్లాసు. డ్రైవరు నెత్తి మీద మంచం ముందుకు పొడుచుకొచ్చింది 'సి' క్లాసు. ఇవికాక కారు వెనకో, ట్రక్కు వెనకో తగిలించి లాక్కుపోయేవి వేరే. బండి ఆపి మీట నొక్కితే గోడ బయటికి జరిగి గది వెడల్పవుతుంది. మన 'మాయాబజార్' తల్పానికి పెద్దన్నయ్య అన్నమాట!

వచ్చేవాళ్ళు రెండు రకాలు. సెలవుల్లో నాలుగురోజులు సరదాగా తిరగాలనుకునేవాళ్ళు ఒక రకం. వాళ్ళు సోఫా మెత్తదనం చూస్తారు, టీవీ ఎంత పెద్దదో చూస్తారు. ఇల్లు అమ్ముకుని బండినే ఇల్లు చేసుకున్నవాళ్ళు రెండో రకం. వాళ్ళు లోపలికి రాగానే మోకాళ్ళ మీద కూర్చుని బీరువా కింద తలపెట్టి చూస్తారు! నీళ్ళ గొట్టం ఎక్కడ, బ్యాటరీ ఎక్కడ, టైరు తయారైన తేదీ ఏది, పైకప్పు అతుకు ఎలా వుంది అని. చూడ్డానికి టైరు కొత్తగానే వున్నా, అయిదారేళ్ళు దాటితే దాన్ని నమ్మరాదని వాళ్ళకు తెలుసు. పైకప్పులో సన్నని చీలిక చాలు, లోపలి చెక్కంతా కుళ్ళిపోతుందనీ తెలుసు. అమ్మేవాడికి ఈ రెండో రకం వాళ్ళంటే కాస్త బెదురే!

1885 నుంచీ ఫుల్ టైమ్!

ఇంతకీ రోడ్డు మీద కాపురం అనేది అమెరికావాడు కనిపెట్టిన వింత అనుకుంటే పొరపాటు. మనవాళ్ళు ఈ పని 1885 నుంచీ చేస్తున్నారు.

కడప జిల్లాలో సురభి అనే పల్లె. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవాళ్ళు వనారస గోవిందరావుగారి ఆధ్వర్యంలో 1885లో ఒక పెళ్ళి సందర్భంగా 'కీచక వధ' ఆడారు. బొమ్మల స్థానంలో మనుషులు నిలబడ్డారు. ఆ పల్లె పేరే వాళ్ళ ఇంటిపేరైంది. సంతానం పెరిగినకొద్దీ సమాజాలు చీలి పెరిగాయి. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు ఊళ్ళు తిరిగేవి. ఒక్కొక్క సమాజం ఒక్కొక్క ఉమ్మడి కుటుంబం. తాత దుర్యోధనుడు, తండ్రి కృష్ణుడు, తల్లి సత్యభామ, పిల్లవాడు ప్రహ్లాదుడు. మేనత్త తెర లాగుతుంది, బాబాయి హార్మోనియం వాయిస్తాడు.

అప్పట్లో మిగతా నాటక సమాజాల్లో ఆడవేషాలు మగవాళ్ళే వేసేవారు. ఇందుకు మన ప్రాంతమే పెద్ద సాక్ష్యం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామగా జడ విసిరితే చూసిన ఆడవాళ్ళే సిగ్గుపడేవారట! 1956లో ఆయన్ను 'పద్మశ్రీ' వరించింది. సురభివాళ్ళ దారి వేరు. ఇంటి ఆడవాళ్ళే స్టేజి ఎక్కారు. ఎందుకంటే స్టేజీ, ఇల్లూ వాళ్ళకు వేరువేరు కావు. ఇల్లాలు వంటింట్లోంచి రంగస్థలానికి రావడానికి ఒక్క తెర దాటితే చాలు.

మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది గదా, అందులో లీలావతి వేసిన సురభి కమలాబాయి పుట్టుక గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. తల్లి నిండు చూలాలుగా దమయంతి వేషం వేసి స్టేజి మీద వుండగానే నొప్పులొచ్చాయట. జనం అదీ నటనే అనుకున్నారట! తెర దించారు, బిడ్డ పుట్టింది. డేరాలో పుట్టి, డేరాలో పెరిగి, వెండితెర మీద మొదటి కథానాయికల్లో ఒకతె అయిందన్నమాట. ఇంతకన్నా 'ఫుల్ టైమర్లు' ఎవరండీ?

తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి కోస్తా ఊళ్ళు ఇలాంటి సమాజాలకు పుట్టిళ్ళ లాంటివి. కోతలయ్యాక రైతు చేతిలో నాలుగు రాళ్ళుండేవి. పద్యం విని 'వన్స్ మోర్' అనే చెవి వుండేది. గోవిందరాజుల సుబ్బారావు, మాధవపెద్ది వెంకట్రామయ్య, ఈలపాట రఘురామయ్య వంటి మహానటుల్ని చూసిన జనం. వీళ్ళను మెప్పిస్తే మరెక్కడయినా నెగ్గినట్లే!

మకాం మారడమంటే మాటలా? ఇనుప స్తంభాలు, రేకులు, పరదాలు, కిరీటాల పెట్టెలు, బిందెలు, పరుపులు, పసిపిల్లలు, ముసలివాళ్ళు. మొదట ఎడ్లబళ్ళు, తర్వాత రైళ్ళు, ఆ తర్వాత లారీలు. ఖాళీ స్థలంలో గుంటలు తవ్వి హాలు తామే కట్టుకునేవారు. ముందు ప్రేక్షకులు, మధ్యలో స్టేజి, వెనక సంసారాలు. రోజుకొక నాటకం. జనం వచ్చినన్నాళ్ళు వుండి, పలచబడగానే అన్నీ ఊడదీసి మళ్ళీ ప్రయాణం.

అమ్మమ్మగారి అయిదు ప్రశ్నలు

సరే, ఇప్పుడు మన ఊహకు రెక్కలు తొడుగుదాం. అరవయ్యేళ్ళు డేరాలో వండి వార్చిన ఒక సురభి అమ్మమ్మగారిని టాంపా ప్రదర్శనకు తీసుకెళ్ళామనుకోండి. సూటూ బూటూ వేసుకున్న అమ్మకందారు ఎదురొచ్చి, బండి ఎక్కించి, తోలు సోఫా చూపించాడనుకోండి. ఆవిడ సోఫా వంక కూడా చూడదు.

మొదటి ప్రశ్న: 'నీళ్ళెన్ని పడతాయి నాయనా?' పెద్ద బళ్ళలో మంచినీళ్ళ ట్యాంకు సుమారు నూట యాభై లీటర్ల నించి మూడు నాలుగు వందల లీటర్ల దాకా వుంటుంది. ఇద్దరు మనుషులు పొదుపుగా వాడితే కొన్నాళ్ళు వస్తాయి. అమ్మమ్మగారి లెక్క వేరు. ఆవిడ ఇంట్లో ఇరవై ముప్పై మంది. ఒక్క పూట ముఖాల రంగు కడుక్కోడానికే ఆ నీళ్ళు చాలవు!

రెండో ప్రశ్న: 'వాడిన నీళ్ళేం చేస్తారు?' ఇది అసలు ప్రశ్న. స్నానం చేసిన నీళ్ళకు ఒక ట్యాంకు, పాయిఖానా నీళ్ళకు ఇంకో ట్యాంకు వుంటాయి. నిండగానే అందుకోసం కట్టిన చోటుకే తీసుకెళ్ళి, గొట్టం తగిలించి, చేతికి తొడుగులు వేసుకుని ఖాళీ చేయాలి. ఎక్కడబడితే అక్కడ వదిలితే జుర్మానా. ప్రదర్శనలో దీన్ని ఎవడూ గొప్పగా చూపించడు. కానీ రోడ్డు మీద బతికేవాడి వారం ఈ ట్యాంకు చుట్టూ తిరుగుతుంది.

మూడో ప్రశ్న: 'బరువెంత మోస్తుంది?' పెద్దావిడ భలే చోట పట్టుకుంది! బండి అందంగానే వుంటుంది. అయితే గోడలు, పలకరాళ్ళు, ఫ్రిజ్ కలిపి బండి బరువే చాలావరకు తినేస్తుంది. ఇక మనుషులకూ, నీళ్ళకూ, సామానుకూ మిగిలేది ఎంత అన్నది తలుపు దగ్గర చిన్న కాగితం మీద రాసి అంటిస్తారు. అనుభవజ్ఞులు ముందు ఆ కాగితం చదువుతారు. నాలుగు వందల లీటర్ల నీళ్ళంటే నాలుగు క్వింటాళ్ళ బరువు. దాని మీద ఆవకాయ జాడీలు, బియ్యం బస్తా... రెండు కిరీటాల పెట్టెలు వేస్తే చక్రం కూర్చోవలసిందే!

నాలుగో ప్రశ్న: 'గాలివాన వస్తే?' కృష్ణా తీరం మనిషి అడగవలసిన ప్రశ్న ఇది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన కృష్ణకు ఇవతలున్న రేపల్లె, బాపట్ల ప్రాంతాలనూ వదల్లేదు. రేకుల డేరాకు గాలి పగ. ఈ ఒక్క విషయంలో మోటారు ఇల్లే మేలు. హెచ్చరిక వినగానే తాళం తిప్పి పారిపోవచ్చు. డేరా ఊడదీయాలంటే పగలంతా పడుతుంది.

అయిదో ప్రశ్నకు మాత్రం అమ్మకందారు తెల్లమొహం వేస్తాడు. 'అన్నీ బానే వున్నై గానీ, అబ్బాయ్... ఇందులో జనం కూర్చునేదెక్కడ?'

నిజమే గదా! అక్కడి బండి లోకాన్ని వదిలి వెళ్ళిపోవడానికి కట్టింది. మనవాళ్ళ డేరా లోకాన్ని లోపలికి పిలవడానికి కట్టింది. రెండూ తిరిగే ఇళ్ళే. కానీ ఒకదానికి తలుపు, ఇంకోదానికి టిక్కెట్ల కిటికీ!

షెవర్లె వ్యానులో రాముడు

తెలుగువాళ్ళు కళ్ళారా చూసిన మోటారు కాపురం ఇంకొకటుంది. అది మన సినిమావాళ్ళదే! 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావుగారు ఒక పాత షెవర్లె వ్యానును బాగుచేయించి 'చైతన్య రథం' అని పేరు పెట్టారు. పైన నిలబడి మాట్లాడేందుకు వేదిక, మైకులు. లోపల పడుకునేందుకు చోటు. తోలింది కొడుకు హరికృష్ణ. సెట్టు మీద చలువ గదుల్లో కూర్చోదగ్గ నటుడు నెలల తరబడి ఆ బండిలోనే నిద్రపోయి, రోడ్డు పక్కనే స్నానం చేసి, దొరికింది తిని రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజకీయం సంగతి మనకు వద్దు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ వ్యానులో తోలు సోఫాలూ లేవు, జరిగే గోడలూ లేవు. వున్నదల్లా కప్పు మీద నిలబడే చోటు. అమ్మమ్మగారి అయిదో ప్రశ్నకు జవాబు ఆ కప్పే!

ఇక నేటి సినిమా షూటింగుల సంగతి చూడండి. మన తెనాలి దగ్గరి బుర్రిపాలెం నుంచి వెళ్ళిన కృష్ణగారు, రావికంపాడు గుమ్మడిగారు, మోరంపూడి జగ్గయ్యగారి రోజుల్లో అవుట్ డోర్ అంటే చెట్టు నీడ, మడత కుర్చీ. మేకప్ తడి ఆరకుండా ఎవరో గొడుగు పట్టేవారు. ఎవరి సీను లేకపోయినా అందరూ ఒకే నీడన కూర్చునేవారు. ఇప్పుడు హీరోకొక కారవాన్, హీరోయిన్‌కొక కారవాన్. ఏసీ, అద్దం, పడక, స్నానాల గది. ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే మరుగు దొరికిందంటే అది ఈ బండి పుణ్యమే, కాదనలేం. కానీ షాటు కాగానే ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటున్నారు. అద్దె బరువు నిర్మాత నెత్తిన, కబుర్ల కరువు యూనిట్ నెత్తిన!

బండి సరే... ఆపేదెక్కడ?

మన దేశంలోనూ ఈ మోజు మొదలైంది. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవన్ కేరళ' అని పథకం ప్రకటించి, 2022లో వాగమణ్ కొండల్లో మొదటి పార్కు తెరిచింది. మన వైపు చేతిపనికి కొదవా? విజయవాడ ఆటోనగర్లో లారీ, బస్సు బాడీలు కట్టే మేస్త్రీలున్నారు. తెనాలి శిల్పులు పాత ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెడుతున్నారు. బండి కట్టడం మనకు పెద్ద లెక్క కాదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. కంపెనీ కట్టిన బండిని ఇష్టమొచ్చినట్లు కోసి మార్చడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. అనుమతి లేకుండా మంచాలు బిగించి రోడ్డెక్కితే మొదటి చెక్ పోస్టులోనే కథ ముగుస్తుంది.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే వుంది. కత్తిపూడి-ఒంగోలు జాతీయ రహదారి పెనుమూడి వారధి మీదుగా రేపల్లె చేరి, బాపట్ల వైపు సాగుతుంది. బాపట్ల పక్కనే సూర్యలంక సముద్రం. ఇంత చక్కటి దారిలో ఓ ఇంటి బండి తెచ్చారనుకోండి. రాత్రికి ఎక్కడ ఆపాలి? నీళ్ళెక్కడ పట్టుకోవాలి? మురుగెక్కడ వదలాలి? అమెరికాలో బండి వెనక వేల పార్కులున్నాయి. అందుకే అక్కడ బండి అమ్ముడవుతోంది. బండిని ఇల్లు చేసేది లోపలి మంచం కాదు, బయటి జాగా!

చిరునామా తంటా ఇంకోటి. అక్కడ ఫుల్ టైమర్ల కోసం ఏర్పాట్లున్నాయి. సౌత్ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపి డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నవాళ్ళెందరో. 1978లో పుట్టిన 'ఎస్కేపీస్' అనే బళ్ళవాళ్ళ సంఘం టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉత్తరాలు అందుకుని, సభ్యులు ఎక్కడుంటే అక్కడికి పంపిస్తుంది. మరి మన సురభి పిల్లలకో? రెండు నెలలకో ఊరు మారితే బడి ఏది? రేషన్ కార్డు ఏ ఊరిది? ఓటు ఎక్కడ? సంసారాలు ఒక్కొక్కటే ఆగిపోవడానికి సినిమా, టీవీ ఎంత కారణమో ఈ ప్రశ్నలూ అంతే కారణం. పిల్లలు చదువుకున్నారు, ఉద్యోగాలు చూసుకున్నారు. తప్పెవరిది? ఎవరిదీ కాదు. హైదరాబాదు శేరిలింగంపల్లిలో నేడు సురభి కాలనీ వుంది. తిరిగే ఇల్లు కదలని ఇల్లయింది.

ముప్పైకి పైగా వున్న సమాజాలు ఇవాళ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అయినా కళ ఆరిపోలేదు. 1990లలో బి.వి.కారంత్ అంతటి దర్శకుడు వచ్చి వాళ్ళతో 'భీష్మ' చేయించారు. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్.నాగేశ్వరరావు, అదే మన 'సురభి బాబ్జీ'గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి దూకే 'మాయాబజార్' నేటికీ హాలు నింపుతూనే వుంది. కంప్యూటర్ గ్రాఫిక్స్ చూసి చూసి కళ్ళు కాయలు కాసిన పిల్లలు, కంటికెదురుగా తీగ మీద మనిషి ఎగిరితే నోళ్ళు వెళ్ళబెడుతున్నారు!

కనుక పెద్దలకు ఒక మనవి. డ్యూసెల్‌డార్ఫ్ బళ్ళను మన బీచిలకు తెచ్చే ఆలోచన చేసేటప్పుడు, పార్కులకు స్థలాలు కొలిచేటప్పుడు, తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి చొప్పున ఇంకో మూడు స్థలాలు కొలవండి. మహా అయితే ఎకరం. ఒక కుళాయి, కరెంటు మీటరు, నాలుగు మరుగుదొడ్లు. పిల్లల్ని రెండు నెలలకు చేర్చుకునే బడి ఒకటి. అంతకు మించి వాళ్ళేమీ అడగరు. గుంటలు వాళ్ళే తవ్వుకుంటారు, హాలు వాళ్ళే కట్టుకుంటారు. మనం చేయాల్సిందల్లా టిక్కెట్టు కొనుక్కుని సాయంత్రం ఆరింటికల్లా ముందు వరుసలో కూర్చోవడమే!